ఆగస్టు మూడు నాటి కాపీ

ఆగస్టు 7, గురువారం

ఈరోజు మా కాలేజీ పరీక్షల సర్వర్‌ని మొత్తం తుడిచేసి కొత్తగా పెట్టాను. డైరెక్టర్ మనోజ్ గారు కాగితం మీద ఏమీ ఇవ్వలేదు. నోటిమాటే. వైరస్ వచ్చింది, అంతా తీసేసి ఫ్రెష్‌గా పెట్టమన్నారు. వైరస్ రాలేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

నిన్న యూనివర్సిటీ నుంచి తనిఖీకి వచ్చినవాళ్లు రిజిస్టర్లలోని ఇంటర్నల్ మార్కుల్నీ, కంప్యూటర్లో ఉన్న మార్కుల్నీ పక్కపక్కన పెట్టుకుని చూశారు. పదకొండు మందికి తేడా వచ్చింది. అందులో ఒకడు మనోజ్ గారి బావమరిది. మార్చింది యోహాను అన్నయ్య లాగిన్‌తో. సొంత అన్న కాదు, పిలుపే. ఇరవై రెండేళ్లుగా పరీక్షల విభాగం సూపరింటెండెంట్. వాళ్లు వెళ్లిన గంటకే ఆయన్ని సస్పెండ్ చేశారు.

తుడిచే ముందు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదయ్యే లాగ్ తెరిచి చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆగస్టు 2 శనివారం, పొద్దున పదకొండు ఇరవై. ఏ కంప్యూటర్ నుంచి మార్చారో కూడా ఉంది. డైరెక్టర్ గదిలోది. ఆ రోజు అన్నయ్య సెలవులో ఉన్నాడు. నడికుడిలో వాళ్లమ్మ జ్ఞాపకార్థ కూడిక. సెలవు చీటీ నా టేబుల్ మీదే రాసుకున్నాడు. అందరి లాగిన్ పాస్‌వర్డులూ సీలు వేసిన కవర్లలో డైరెక్టర్ గారి బీరువాలో ఉంటాయి. అది ఇక్కడి రూలు.

తుడవడానికి నలభై నిమిషాలు పట్టింది.

ఆగస్టు 8, శుక్రవారం

చెప్పిన పని చేశాను. జీతం తీసుకునేవాళ్లెవరైనా చేసేదే.

ఆగస్టు 9, శనివారం

అన్నయ్య నా గదికి వచ్చాడు. సస్పెండయిన మనిషిని లోపలికి రానివ్వకూడదట. వాచ్‌మన్ ఆపలేకపోయాడు. ఇన్నేళ్లుగా రోజూ తలుపు తీసి నమస్కారం పెట్టిన మనిషిని ఎలా ఆపుతాడు?

కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. "అమ్మాయ్, నువ్వు ఆదివారం ఆదివారం కాపీ తీస్తావు గదా. పోయిన ఆదివారంది ఉందా?" అని అడిగాడు.

ఆ కాపీలు మొదలుపెట్టించిందే ఆయన. 2019లో హార్డ్‌డిస్క్ పోయినప్పుడు, రెండేళ్ల మార్కులు రిజిస్టర్లు చూసి మళ్లీ ఎక్కించాం, ఆయనా నేనూ, పదిహేడు రోజులు. ఆయన చదువుతుంటే నేను కొట్టేదాన్ని. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి మూడు నెలలు. డిస్క్ పోవడం నా పొరపాటే. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. పని అయిపోయాక, ఇలాంటిది మళ్లీ రాకుండా ఏం చెయ్యాలో చెయ్యమని మాత్రం అన్నాడు.

చూసి చెప్తానన్నాను.

చూడాల్సిన పనేం ఉంది? ఉందని తెలుసు.

ఆగస్టు 10, ఆదివారం

మధ్యాహ్నం పన్నెండుకి కాపీ పడింది. ఇంటి నుంచే చూశాను.

భోజనాల దగ్గర మా ఆయన శ్రీకాంత్, నా మొహం చూసే కాబోలు, ఏమైందని అడిగాడు. చెప్పాను. మా సర్వర్ పైకి ఒకటే పెట్టె. లోపల నాలుగు యంత్రాలున్నట్టు నడుస్తుంది: పరీక్షలు, హాజరు, లైబ్రరీ, ఫీజులు. ఒక్కో యంత్రం డిస్క్ అంతా కలిపి ఒకే పెద్ద ఫైలు. ఆ నాలుగు ఫైళ్లూ ఆదివారం ఆదివారం వేరే డిస్క్‌లోకి కాపీ అవుతాయి. ఆ డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటుంది. ఎవడైనా ఎత్తుకెళ్లినా పిచ్చిగీతలు తప్ప ఏమీ కనపడవు. తెరవాలంటే ఆరు మాటల పాస్‌వర్డ్ కావాలి. అది నాకొక్కదానికే తెలుసు. ఎనిమిది వారాల కాపీలు ఉంటాయి. తొమ్మిదోది పడగానే అన్నిటికంటే పాతది దానంతట అదే పోతుంది.

మార్కులు మార్చింది ఆగస్టు 2న. కాపీ పడింది 3న. నేను తుడిచింది 7న. మూడో తేదీ కాపీలో లాగ్ మొత్తం ఉంది. సెప్టెంబరు 28 మధ్యాహ్నం దాకా ఉంటుంది.

శ్రీకాంత్ చెయ్యి కడుక్కుని వచ్చి, "ఇదంతా నాకెందుకు చెప్పావే?" అన్నాడు. బెల్లంకొండ రూట్ బస్సు నడిపేది ఆయనే. అదీ ఈ కాలేజీదే.

ఆగస్టు 12, మంగళవారం

మనోజ్ గారు పిలిచారు. ఆ సర్వర్‌వి పాత కాపీలేమన్నా ఉన్నాయా అని అడిగారు. ఫోన్ చూసుకుంటూ అడిగారు, వర్షం పడేట్టుందా అన్నట్టు.

"లేవండి. డిస్క్ నిండిపోయింది. నెల నుంచి పరీక్షల సర్వర్‌ది పడటం లేదు" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చేసిందో. బయటికొచ్చాక లోపల సంతోషంగానే ఉంది. ఉందని చెప్తే అక్కడే తీసెయ్యమనేవాడు. లేదని చెప్పి దాన్ని బతికించాను. అన్నయ్య కోసమే ఆ అబద్ధం. సమయం వచ్చినప్పుడు బయటపెడతాను.

ఆగస్టు 15, శుక్రవారం

జెండా వందనం. కరస్పాండెంట్ గారు, అంటే మనోజ్ గారి నాన్న, నిజాయితీ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. చప్పట్లు కొట్టాను.

ఆగస్టు 19, మంగళవారం

అన్నయ్య ఫోన్. ఎత్తలేదు. విచారణ కమిటీ వేశారట. వాళ్లే నన్ను అడుగుతారు. అధికారికంగా అడిగితే అధికారికంగా చెప్తాను. అదే పద్ధతి. ఇప్పుడు ఫోన్లో చెప్పేస్తే ఆయన తొందరపడి ఎక్కడైనా అనేస్తాడు.

ఆగస్టు 22, శుక్రవారం

కమిటీలో ముగ్గురు. ప్రిన్సిపాల్ గారు, బయట నుంచి వచ్చిన ఒక లాయరు, మనోజ్ గారు. మనోజ్ గారే ఉంటారని నాకు ముందే ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే వేరేగా ఆలోచించుకునేదాన్ని.

అన్నయ్య పక్క కుర్చీలో కూర్చున్నాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. ఆ శనివారం నేను ఊళ్లో లేను అన్నాడు. సెలవు చీటీ చూపించమన్నారు. ఫైలులో లేదన్నారు. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అయితే రేవతి కాపీలు తీస్తదండి, అందులో ఉంటది చూడండి" అన్నాడు.

లాయరు నన్ను అడిగాడు. ఆ వారం బ్యాకప్ ఉందా అని.

మనోజ్ గారు నా వైపు చూడను కూడా లేదు.

లేదన్నాను. డిస్క్ నిండిపోయిందన్నాను. మనోజ్ గారి గదిలో చెప్పిన మాటే. రెండోసారి ఇంకా తేలిగ్గా వచ్చింది.

లాయరు అన్నయ్యతో, కావాలంటే ఆ డిస్క్ బయటి నిపుణుడి చేత చూపిద్దాం, అలా రాసుకోమంటారా అన్నాడు. అన్నయ్య నా వైపు తిరిగాడు. కోపంగా కాదు. నేనేదో ఇబ్బందిలో ఉన్నట్టు చూశాడు. తర్వాత వాళ్లతో, "అక్కర్లేదండి. ఆ అమ్మాయి లేదంటే లేనట్టే. తను అబద్ధం చెప్పదు" అన్నాడు.

రాసుకున్నారు. నా చేత సంతకం పెట్టించారు.

ఆగస్టు 23, శనివారం

మనోజ్ గారి ఎదురుగా ఎలా చెప్పగలను? అక్కడే చెప్పి ఉంటే డిస్క్ ఆ నిమిషాన లాక్కునేవాళ్లు. సాక్ష్యం పోయేది. నేను చేసింది సరైనదే.

ఆగస్టు 24, ఆదివారం

కాపీ పడింది. నాలుగోది.

ఆగస్టు 31, ఆదివారం

కాపీ పడింది.

అన్నయ్య వాళ్లు ఇక్కడ పేటలో ఉన్న ఇల్లు ఖాళీ చేసి నడికుడి వెళ్లిపోయారట. శ్రీకాంత్ చెప్పాడు. సామాను వ్యాన్‌కి ఎక్కిస్తుంటే బస్సులోంచి చూశాడట. ఆగలేదన్నాడు. బస్సు నిండా పిల్లలు.

సెప్టెంబరు 5, శుక్రవారం

టీచర్స్ డే. నాకు శాలువా కప్పారు. కప్పాక మైకులో చెప్పారు, పరీక్షల విభాగం ఇకనుంచి నేను చూసుకుంటానని. నాకు ముందు చెప్పలేదు. స్టేజీ మీద ఎలా కాదంటాను?

తాత్కాలికమే. అన్నయ్య తిరిగి వచ్చేదాకా. వేరే ఎవరినన్నా కూర్చోబెడితే ఆయన కాగితాలన్నీ చిందరవందర చేస్తారు. నేనైతే ఎక్కడివక్కడ ఉంచుతాను.

సొరుగులో ఆయన కళ్లజోడు గుడ్డ, బైబిల్ వాక్యం ఉన్న కేలండరు, ఒక జీలకర్ర బిళ్లల పొట్లం. కవర్లో పెట్టి పైన షెల్ఫులో ఉంచాను.

సెప్టెంబరు 11, గురువారం

హెప్సిబా వచ్చింది. అన్నయ్య కూతురు. మా దగ్గరే బి.ఫార్మసీ అయిపోయింది. గుంటూరులో ఎం.ఫార్మసీ సీటు వచ్చింది. ఈ నెల 24 లోపు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి చేరాలి. అవి మా ఆఫీసులోనే ఉన్నాయి.

తండ్రి మీద విచారణ నడుస్తోంది కాబట్టి ఇవ్వం అన్నారట. దీనికీ దానికీ ఏమిటి సంబంధం అని పిల్ల అడిగిందట. డైరెక్టర్ గారిని అడగమన్నారట. డైరెక్టర్ గారు మీటింగులో ఉన్నారు, మూడు రోజులుగా.

వరండాలో నన్ను చూసి, "అత్తా, నువ్వు ఒక మాట చెప్పవా? నువ్వే గదా ఇప్పుడు ఇంఛార్జి" అంది. వెటకారం కాదు. నిజంగానే అడిగింది. చూస్తానన్నాను. ఈ మాట నాకు బాగా అలవాటైపోయింది.

సాయంత్రం మనోజ్ గారి గది తలుపు దాకా వెళ్లాను. లోపల ఎవరో ఉన్నారు.

సెప్టెంబరు 14, ఆదివారం

కాలేజీకి వెళ్లాను. ఎవరూ లేరు. సర్వర్ గదిలో ఏసీ చప్పుడొక్కటే. మూడో తేదీ కాపీని తీసెయ్యకుండా ఉంచమని కంప్యూటర్లో ఒక్క వరస కమాండ్ కొడితే చాలు. కొట్టాను కూడా. ఎంటర్ నొక్కలేదు. నొక్కితే ఆ కాపీ పక్కన ఒక గుర్తు పడుతుంది. ఎప్పుడైనా ఎవరైనా చూస్తే, కావాలని దాచానని తెలిసిపోతుంది.

ఇంకా రెండు వారాలుంది.

సెప్టెంబరు 18, గురువారం

శ్రీకాంత్‌తో పోట్లాట. ఆయన అన్నది ఒక్కటే: "చెప్పేదానివైతే మొదటిరోజే చెప్పేదానివి. చెప్పనిదానివి ఊరుకో. రోజూ నా మొహాన ఏడవమాక." నేను చెప్పకుండా ఉన్నది నీ ఉద్యోగం కోసమే అన్నాను. నా పేరు దీంట్లోకి లాగొద్దన్నాడు.

సెప్టెంబరు 21, ఆదివారం

కాపీ పడింది. ఎనిమిదోది. వచ్చే ఆదివారం తొమ్మిదోది.

సెప్టెంబరు 23, మంగళవారం

యోహాను అన్నయ్య నిన్న వచ్చి ఒప్పుకున్నాడట. మార్కులు తానే మార్చానని, పశ్చాత్తాపపడుతున్నానని, స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నానని కాగితం మీద సంతకం పెట్టాడట. పోలీసు కేసు పెట్టరు. సంతకం పెట్టిన పావుగంటకి హెప్సిబా సర్టిఫికెట్లు చేతికిచ్చారట. రేపటితో గడువు.

స్టాఫ్‌రూంలో అందరూ, చూశావా ఆయనే చేశాడు, అనుకుంటున్నారు.

ఈ పుస్తకం ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను. వినగానే నాకు మొదట కలిగింది బాధ కాదు. హమ్మయ్య అనిపించింది. ఇక నేనేం చెయ్యక్కర్లేదు అనిపించింది. టీ కూడా తాగాను. అరగంట తర్వాత మార్కుల రిజిస్టర్ తెరిస్తే ప్రతి పేజీ కిందా ఆయన సంతకం. రిజిస్టర్ మూసేశాను, మళ్లీ తెరవలేకపోయాను.

సెప్టెంబరు 25, గురువారం

దసరా సెలవులు. ఇంట్లోనే ఉన్నాను. ఏమీ చెయ్యలేదు.

సెప్టెంబరు 27, శనివారం

నడికుడి వెళ్లాను. పిడుగురాళ్లలో బస్సు మారితే గంటన్నర.

డిస్క్ తీసుకెళ్లలేదు. కాపీ ఉందని మాత్రం చెప్దామని వెళ్లాను. దారంతా మాటలు పేర్చుకున్నాను. ఈమధ్యే దొరికింది, పాత ఫోల్డర్లో ఉండిపోయింది, నేనే చూసుకోలేదు. ఆ మాటలు ఇంటి మెట్లెక్కేదాకా నోట్లో సిద్ధంగానే ఉన్నాయి.

రెండు గదుల పాత ఇల్లు, వాళ్లమ్మది. సలోమి వదిన తలుపు తీసింది. మంచినీళ్లు ఇచ్చింది. అన్నయ్య చిక్కిపోయాడు. గడ్డం చేసుకోలేదు. ఆయన్ని గడ్డంతో నేనెప్పుడూ చూడలేదు. పిల్ల గుంటూరులో చేరిందని, హాస్టల్లో దింపి వచ్చానని ఆయనే చెప్పాడు. నేను రావడం సంతోషంగానే ఉన్నట్టుంది. కాలేజీ నుంచి వచ్చిన మొదటి మనిషిని నేనేనట.

అప్పుడు చెప్పాను. మూడో తేదీ కాపీ ఉందని, అందులో డైరెక్టర్ గది కంప్యూటర్ నంబరుతో సహా అంతా ఉందని.

ఆయన అడిగాడు. "నేను నీ గదికొచ్చి అడిగిన రోజు ఉందా ఇది?"

పేర్చుకున్న మాటలు రాలేదు.

"ఉంది" అన్నాను.

"కమిటీ ముందర?"

"ఉంది అన్నయ్యా."

తల ఊపాడు, లెక్క సరిపోయినట్టు. అరుస్తాడేమో అనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"ఇంకోణ్ణి పిలిపించి చూపిద్దామన్నాడు గదా ఆ లాయరు. నేనే వద్దన్నా" అన్నాడు, నాతో కాదు, తనలో తను.

ఇప్పుడైనా బయటపెడదామన్నాను. నేను వచ్చి సాక్ష్యం చెప్తానన్నాను. ఆయన నన్ను చేత్తో ఆపాడు. "ఇప్పుడు అది తెరిస్తే, అబద్ధం రాసి సంతకం పెట్టింది నేనవుతా. పిల్ల ఇంకా నాలుగు రోజులు కాలేదు చేరి. వాళ్లకి గుంటూరులో కూడా మనుషులున్నారు. నాకొద్దు అమ్మాయ్. తుడిచెయ్యి. నీకు చేతనయిన పనే గదా."

లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

నేను వీధిలోకి వచ్చేశాను. రైలు గేటు దాకా నడిచాక వెనకాల చెప్పుల చప్పుడు. సలోమి వదిన. మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి. రొప్పుతూ కూడా మాట తడబడలేదు.

"ఆయనకొద్దు. నాకు కావాలి" అంది. "చర్చి కమిటీలోంచి ఆయన పేరు తీసేశారు, తెలుసా? పోయిన ఆదివారం మా వెనక బల్లలో కూర్చున్నోళ్లు లేచి పోయి వేరే చోట కూర్చున్నారు. పిల్ల చదువు రెండేళ్లు. రెండేళ్లూ నోరెత్తను. పిల్ల చేతికి పట్టా వచ్చిన మర్నాడు దాన్ని ఎవరికి చూపించాలో వాళ్లకి చూపిస్తా."

నా దగ్గర భద్రంగా ఉంచుతానన్నాను.

నవ్వింది. ఇన్నాళ్లూ నీ దగ్గర భద్రంగానే ఉంది గదా అంది. "నీ తలకాయలో తాళం పెట్టుకుని, అవసరమొచ్చినప్పుడు తీస్తానంటే కుదరదు. డిస్కూ, తాళమూ రెండూ నా చేతికియ్యి. నువ్వు కమిటీ ముందర సంతకం పెట్టిన కాగితం కూడా అందులో బయటికొస్తది. నీ పేరు రాకుండా చూస్తానని నేను చెప్పను."

నేను ఒప్పుకున్నాను. ఆలోచించుకుని కాదు. ఆలోచించుకుంటే ఏం చేస్తానో ఈ రెండు నెలల్లో నాకు తెలిసిపోయింది.

ఇంటికొచ్చి శ్రీకాంత్‌కి చెప్పాను. అంటే రెండేళ్ల తర్వాత మనిద్దరి ఉద్యోగాలూ పోతాయి అన్నాడు. ఇంకా ముందే పోవచ్చన్నాను. దుప్పటి తీసుకుని ముందు గదిలోకి వెళ్లి పడుకున్నాడు.

సెప్టెంబరు 28, ఆదివారం

పొద్దున ఎనిమిదికి కాలేజీకి వెళ్లాను. శ్రీకాంత్ అప్పటికే ఎటో వెళ్లిపోయాడు.

మూడో తేదీ కాపీలోంచి పరీక్షల యంత్రం డిస్క్ ఒక్కటే బయటికి తీశాను. దాన్ని ఒక కొత్త హార్డ్‌డిస్క్‌లో పెట్టి, మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేశాను. ఆరు కొత్త మాటలు. గంటకు పైనే పట్టింది. ఒకసారి తెరిచి, లాగ్ ఉందో లేదో చూసుకున్నాను. ఆగస్టు 2, పదకొండు ఇరవై. మూసేశాను. పన్నెండుకి పడే కాపీని ఆపలేదు. పాతది కాలేజీలో ఉండటం కంటే పోవడమే నయం. పన్నెండు గంటలకి నేను పిడుగురాళ్ల బస్టాండులో ఉన్నాను. అప్పుడే పోయి ఉంటుంది. ఇక ఉన్నది నా సంచిలోది ఒక్కటే.

సలోమి వదిన అరుగు మీద ఎదురుచూస్తోంది. లోపలికి రమ్మనలేదు. నా లాప్‌టాప్ అరుగు మీదే పెట్టించింది. పాస్‌వర్డ్ రాసిన కాగితం ఇచ్చాను. నేను కొడతానంటే ఒప్పుకోలేదు. "నువ్వు కొట్టి తెరిస్తే, కాగితం మీద ఉన్నది అదేనో కాదో నాకెట్టా తెలుసుద్ది?" అంది. కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం కాగితం మీద వేలితో పట్టుకుని, ఇంకో చేత్తో కొట్టింది. మొదటిసారి తప్పు అని వచ్చింది. నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. ఆమె ఒక అక్షరం రెండుసార్లు కొట్టింది, అంతే. రెండోసారి తెరుచుకుంది.

లాగ్‌లో ఆ మార్పు ఉన్న వరస చూపించమంది. చూపించాను. తేదీ, టైము, లాగిన్ పేరు, కంప్యూటర్ నంబరు, పైకి చదివింది. పిల్లల చేత చదివించే గొంతుతో. ఇదేనా మనోజ్ గదిది అని అడిగింది. అవునన్నాను. ఇది ఎట్టా తెరవాలో వరసగా రాసిమ్మంది. రాశాను. కింద పేరు రాసి సంతకం పెట్టమంది. ఈ రోజు తేదీతో పెట్టాను.

డిస్క్, రెండు కాగితాలు గుడ్డలో చుట్టి లోపల పెట్టి వచ్చింది. బస్సు నాలుగున్నరకు ఉందని చెప్పింది.

అన్నయ్యతో ఒక్క మాట మాట్లాడి వెళ్తానన్నాను.

"పడుకున్నాడు" అంది.

కిటికీ తెరిచే ఉంది. లోపల పేపరు పేజీలు తిప్పుతున్న చప్పుడు ఇద్దరికీ వినపడుతోంది. ఆమె కదల్లేదు. నేను మెట్లు దిగి చెప్పులు వేసుకున్నాను. ఆ చప్పుడు ఆగింది. పిలుస్తాడేమోనని కాసేపు నిలబడ్డాను. తర్వాత ఇంకో పేజీ తిప్పాడు.